గాజు పేగు

మార్చి 4

డాక్టరమ్మ ఇవాళ కుర్చీని అక్క మంచం దగ్గరకు లాక్కొని కూర్చుంది. ఇన్నాళ్ళూ నిలబడే మాట్లాడేది.

నాలుగోసారి తిరగబెట్టింది. మోకాలి ఎముకకు చీము పట్టిందని నెలల తరబడి వేసిన యాంటీబయాటిక్స్ అక్క మోకాలిని బాగుచేసి, పేగును ఊడ్చిపెట్టేశాయి. మంచి బ్యాక్టీరియా అంతా పోయి, ఖాళీ అయిన చోట ఒకే ఒక్క చెడ్డది కాపురం పెట్టింది. మందు వేస్తే అణుగుతుంది, ఆపితే లేస్తుంది. వేరేవాళ్ళ మలంలోంచి తీసిన మంచి బ్యాక్టీరియాను రెండుసార్లు ఎక్కించి చూశారు. రెండుసార్లూ నిలవలేదు. అక్క ఇప్పుడు నలభై ఒక్క కిలోలు. స్కూల్లో ఆటల టీచరు, తాడు లాగే పోటీల్లో అందరికంటే వెనక, నడుముకు తాడు చుట్టుకొని నిలబడే మనిషి.

"పెద్దపేగు తీసేద్దాం," అంది డాక్టరమ్మ. "పొట్టకు సంచి తగిలించుకొని బతకొచ్చు. చాలామంది బతుకుతున్నారు. కానీ ఆపరేషన్ తట్టుకునే ఓపిక ఇప్పుడే ఉంది. మూడు వారాలు చూస్తాను. ఆ తర్వాత నేను కత్తి పట్టను."

అక్క నావైపు తిరిగింది. "నాది నీ దగ్గర ఉండాలి కదే?"

డాక్టరమ్మకు అర్థం కాలేదు. అక్కే చెప్పింది, చెప్పే సందు దొరికితే ఆమె వదలదు. "మా చెల్లెలు ల్యాబ్‌లో గాజు పేగును పెంచుతుంది డాక్టరు గారూ. మనుషుల పేగులో ఏం జరుగుతుందో సీసాల్లో చూస్తారట. మూడేళ్ళ కిందట ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ సరుకు కావాలంది. నేను నాలుగో నంబరు దాతని. జనం రక్తం దానం చేస్తారు, కళ్ళు దానం చేస్తారు, నేనేమో అది దానం చేశాను. నేను డబ్బా పట్టుకెళ్ళిన రోజే దీనికి ప్రమోషన్ ఇంటర్వ్యూ. ఆ హడావిడిలో ల్యాబ్ చెప్పులతోనే వెళ్ళిపోయింది! నీలం రబ్బరు చెప్పులు, ఒకదాని మీద ఎడమ అని, ఇంకోదాని మీద కూడా ఎడమ అని రాసుంది."

బావ నవ్వాడు. ఈ కథ వందసార్లు విన్నాడు, వందసార్లూ నవ్వాడు. నేనూ నవ్వాను.

డాక్టరమ్మ నవ్వలేదు. "మీ సొంతదే, జబ్బుకు ముందుది. అదయితే నిలవొచ్చు. బతికుందా అది?"

"మైనస్ ఎనభై డిగ్రీల్లో ఉంది. పదకొండు ట్యూబులు."

"గడ్డకట్టించే ముందు గ్లిజరాల్ కలిపారు కదా? లేకపోతే మంచు గుచ్చుకొని సున్నితమైనవన్నీ చచ్చిపోతాయి."

"మామూలుగా కలుపుతాం," అన్నాను.

మార్చి 5

పదకొండూ ఉన్నాయి. మూతల మీద నా అక్షరాలు: దా–4. మంచు తుడిచి చూశాను. ఏమీ కనబడదు. గోధుమరంగు, అంతే.

ఆ రోజు నోటుబుక్కు పేజీ తీశాను. దాత నంబరు, బరువు, ఆక్సిజన్ లేని పెట్టెలో పెట్టిన సమయం, గ్లిజరాల్ శాతం, సంతకం. గ్లిజరాల్ గడి ఖాళీగా ఉంది.

తొందరలో రాయడం మర్చిపోయి ఉంటాను. చేసి రాయకపోవడం ఎవరికైనా జరుగుతుంది.

కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ పద్దెనిమిదేళ్ళుగా రెండు నియమాలు నూరిపోస్తున్నాను. రాయనిది చేయనట్టే లెక్క. తప్పు రాస్తే ఒక్క గీతతో కొట్టేయాలి, కింద ఏముందో కనబడాలి, పక్కన సంతకం, దిద్దిన రోజు తేదీ. పాత తేదీ వేయకూడదు. ఎంత కటువుగా చెప్తానంటే, ఒకమ్మాయి ఏడ్చింది కూడా.

మార్చి 6

ట్యూబులు వాడడానికి అనుమతి ఇచ్చే ఆసుపత్రి కమిటీ ఆ పేజీ కాపీ అడిగింది. గడి ఖాళీగా ఉంటే పక్కన పెట్టేస్తారు. డాక్టరమ్మ ఫోన్లో, "అన్నీ సరిగా ఉంటే మీ సీసాల్లో పెరిగి, బతికున్నాయని తేలేదాకా ఆగుతాను, లేదంటే సోమవారమే ఆపరేషన్‌కు రాసేస్తాను," అంది.

అక్క ఫోన్లో, "సంచి వద్దే. పిల్లల ముందు గెంతితే ఊడిపోతుంది. నాది నాకు తెచ్చిపెట్టు," అంది.

గడిలో '15 శాతం' అని రాశాను. మామూలుగా వేసేది అంతే కదా. కలిపే ఉంటాను. మూడేళ్ళ కిందటి సిరాకు దగ్గరగా ఉండే పెన్ను కోసం రెండు సొరుగులు వెతికాను.

పెన్ను వెతికిన సంగతి ఇక్కడ ఎందుకు రాశానో తెలియదు.

మార్చి 7

మొదలుపెట్టాం. ఐదు సీసాలు వరసగా, మధ్యలో గొట్టాలు. మొదటిది కడుపు, రెండోది చిన్నపేగు, మిగతా మూడూ పెద్దపేగు. చుట్టూ వెచ్చటి నీళ్ళు, ముప్ఫై ఏడు డిగ్రీలు. లోపలికి నైట్రోజన్, గాలి తగిలితే వీటిలో సగం చస్తాయి. రోజుకు మూడుసార్లు పంపు తిరిగి పిండి, పండ్లలో ఉండే పెక్టిన్, పిత్తరసం పొడి కలిపిన ద్రవం పోస్తుంది. అక్క దీనికి ఎప్పుడో పేరు పెట్టింది, గాజమ్మ అని. "నా సవతి ఎలా ఉంది?" అని అడుగుతుంది.

ఒక ట్యూబు కరిగించి పోశాను. పెద్దాయన సీసా పట్టుకున్నాడు. ల్యాబ్‌లో నాకంటే పదేళ్ళు ముందు చేరిన టెక్నీషియన్ ఆయన, వచ్చే ఏడాది రిటైరవుతాడు.

"అక్కగారిదే కదా మేడమ్. ఇంటి మనిషికి అన్నం పెట్టినట్టే," అన్నాడు.

మార్చి 9

సీసాలు మసకబారాయి! లోపల ఏవో పెరుగుతున్నాయి.

మార్చి 12

అక్కను ఇంటికి పంపారు. పదిరోజులు ఇంట్లోనే ఉండనిమ్మన్నారు. మంచం బాత్రూమ్‌కు ఆనించి వేశారు. మధ్యలో తలుపు తీసేశాడు బావ, స్క్రూడ్రైవర్‌తో, ఒక్కడే. పిలవడానికి గొంతు లేదని అక్క మెడలో ఆటల టీచరు విజిల్ వేసుకుంది. ఒకసారి ఊదితే నీళ్ళు, రెండుసార్లయితే లేపాలి, మూడుసార్లయితే ఆలస్యమైపోయింది, దుప్పటి మార్చాలి.

"మీ బావకు ముప్ఫై ఏళ్ళుగా మాట వినబడదు కానీ విజిల్‌కి మాత్రం పరుగెత్తుకొస్తాడే," అంది.

"పరుగెత్తకపోతే ఫౌల్ ఇస్తుంది," అన్నాడు బావ వంటింట్లోంచి.

గాజమ్మ సంగతి అడిగింది. ఒక చుక్కలో కోట్ల కొద్దీ ఉన్నాయని చెప్పాను. అబద్ధం కాదు. అక్క నా చెయ్యి పట్టుకుంది. చర్మం కాగితంలా ఉంది. గీసుకోకుండా నా చేతిగడియారం పక్కకు తిప్పుకున్నాను.

మార్చి 14

పెద్దాయన మూడో సీసా దగ్గర ముక్కు పెట్టి చాలాసేపు నిలబడ్డాడు.

"వాసన రావట్లేదు మేడమ్."

"మంచిదేగా."

"అది కాదండీ. అప్పట్లో అక్కగారి తాజా సరుకు ఇందులోనే నడిపాం కదా, జ్ఞాపకం ఉందా? మూడో రోజుకే ముక్కిపోయిన వెన్న వాసన. కిటికీలు తెరిస్తే పక్క డిపార్ట్‌మెంట్ వాళ్ళు కొట్లాటకు వచ్చారు."

నాకు జ్ఞాపకం ఉంది. పేగు గోడకు తిండి పెట్టే బ్యాక్టీరియా చేసే ఆమ్లం వాసన అది. ఆ కంపు ఉందంటే పేగు బాగున్నట్టు. అప్పటి గ్రాఫ్ ఇంకా గోడమీదే ఉంది, నిండుగా, కొండలా.

"వారమేగా అయింది. కుదురుకుంటాయి," అన్నాను.

"కుదురుకుంటాయిలెండి," అన్నాడు. మళ్ళీ ముక్కు పెట్టాడు.

మార్చి 15

నేను కూడా ముక్కు పెట్టి చూశాను. కొంచెం వస్తున్నట్టే ఉంది.

మార్చి 17

సీసాల పరీక్ష ఫలితం వచ్చింది. సంఖ్య చూస్తే బ్రహ్మాండం. ఏవి ఉన్నాయో చూస్తే మూడే మూడు రకాలు. గింజల్లాంటి గట్టి పొరలో దాక్కొని దేనికైనా తట్టుకునేవి, నా సీసాల్లో పోసే తిండి అంటే ఎగబడేవి. అక్కలో రెండు వందల రకాలుండేవి. వెన్న వాసనవి ఒక్కటీ లేదు.

ఒక ట్యూబు చెడిపోయి ఉండొచ్చు. కరిగించేటప్పుడు నేనే ఆలస్యం చేశానేమో. ఫ్రీజర్‌లో అది తలుపు పక్కనున్న ట్యూబు, తలుపు పక్కనవి త్వరగా పాడవుతాయి. రేపు లోపలి వరసలోంచి తీసి మళ్ళీ మొదలుపెడతాను. ఇంకో పది రోజులు.

పదకొండూ ఒకే రోజు, ఒకే చేత్తో, ఒకే గంటలో పెట్టినవే. అది నాకు తెలుసు. తెలుసు కానీ.

మార్చి 18

రెండో ట్యూబు పోశాం. సాయంత్రం డాక్టరమ్మ ఫోన్ చేసింది.

"ఎంతవరకు వచ్చింది?"

"పెరుగుదల బాగుంది. కుదురుకుంటోంది."

"ఆగమంటారా?"

"ఆగండి."

ఆగండి అన్న మాట ఎంత తేలిగ్గా వచ్చిందో. అరవై సెకన్లు కూడా పట్టలేదు ఫోను.

మార్చి 20

గాజమ్మకు గోడ లేదు. రక్తం లేదు, నరాలు లేవు, మంటపుట్టదు. ఆక్సిజన్ లేకుండా, ఆమ్లం సమంగా, వేళకు తిండి. ఇంత జాగ్రత్తగా చూసుకుంటే ఏదో ఒకటి ఎలాగూ పెరుగుతుంది. ఆ పెరిగినదాన్ని చూసి మనిషి పేగు గురించి తెలుసుకున్నామని ఇరవై రెండు వ్యాసాలు అచ్చు వేయించాను. ప్రతి వ్యాసం చివరా ఒక పేరా ఉంటుంది, ఈ నమూనాకున్న పరిమితులు అని. ఆ పేరాను ఎప్పుడూ ఆఖర్న, కాఫీ తాగుతూ రాసేదాన్ని.

మార్చి 22

అక్క ముప్ఫై ఎనిమిది కిలోలు.

మార్చి 23

పెద్దాయన మధ్యాహ్నం నా గదిలోకి వచ్చి తలుపు దగ్గరకు వేశాడు. ఇన్నేళ్ళలో ఆయన ఎప్పుడూ నా తలుపు వేయలేదు.

"మేడమ్, ఒకమాట. ఏమీ అనుకోవద్దు."

"చెప్పండి."

"అక్కగారి ట్యూబులు పెట్టిన రోజు మీకు పదకొండింటికి ఇంటర్వ్యూ. నాకెందుకు గుర్తుందంటే, మీరు నా ఎడమ చెప్పు కూడా వేసుకెళ్ళారు. రెండూ ఎడమవి. మిగిలిన రెండూ కుడివే, నేను వాటితో సాయంత్రం దాకా కుంటుతూ తిరిగాను."

"అయితే?"

"గ్లిజరాల్ అప్పటికి ఇంకా శుద్ధికని ఆటోక్లేవ్‌లో ఉడుకుతోంది. నేను బయటకు తీసేసరికి పన్నెండయింది. మీరేమో పదిన్నరకే ఫ్రీజర్ మూసేశారు."

నేను ఆయనను ఏమన్నానో రాయలేను. వయసు మీద పడిందని, పక్క బల్ల మీద గ్లిజరాల్ పాత సీసా ఉండి ఉంటుందని, తన పని తాను చూసుకొమ్మని. ఇంతకంటే ఎక్కువే అన్నాను. ఆయన విన్నాడు. "సరే మేడమ్," అని తలుపు తెరిచి, వెళ్ళి, రెండు గంటల తిండి వేళకు పంపు చూసుకున్నాడు.

పాత సీసా ఉండే ఉంటుంది.

మార్చి 25

మూడు వారాలు అయిపోయాయి. డాక్టరమ్మ ఉదయమే ఫోన్ చేసింది. "ఇవాళ ఒకమాట తేల్చండి. ఆపరేషన్ గది శుక్రవారం ఖాళీగా ఉంది."

ఇంకో మూడు రోజులు అడిగాను.

"మీరు శాస్త్రవేత్త. మీరు ఆగమంటేనే ఆగుతున్నాను," అంది.

మార్చి 26

వాసన లేదు.

మార్చి 27

వాసన లేదు. శుక్రవారం గది ఇంకెవరికో ఇచ్చారు.

మార్చి 29

రెండో ఫలితం. అవే మూడు రకాలు. అవే, అదే వరసలో. కాపీ తీసి అంటించినట్టు.

డాక్టరమ్మకు ఫోన్ చేసి చెప్పాను, ట్యూబులు పనికిరావని. ఎందుకు పనికిరావో చెప్పలేదు. "మీ అక్కను తీసుకురండి, చూస్తాను," అంది.

మార్చి 30

అక్కను ఇద్దరు ఆసుపత్రికి మోసుకెళ్ళారు. రక్తం తీశారు. డాక్టరమ్మ కాగితం చూసి మడిచి జేబులో పెట్టుకుంది. కుర్చీ లాక్కోలేదు. నిలబడే ఉంది.

"ఇప్పుడు కాదు," అంది.

"ఎప్పుడు?" అన్నాడు బావ. ఆయనకు అర్థం కాలేదు. తేదీ రాసుకోవడానికి ఫోన్ తీశాడు.

ఏప్రిల్ 2

ఇంట్లోనే ఉంచాం. అక్క విజిల్ నోట్లో పెట్టుకుంది. ఊదింది. గాలి మాత్రమే వచ్చింది, లోపలి గింజ కదలలేదు. బావ అయినా పరుగెత్తుకొచ్చాడు. ఎలా విన్నాడో తెలియదు. ఇరవై నాలుగు గంటలూ ఆ గది గుమ్మం దగ్గరే ఉంటున్నాడు కాబట్టి అయ్యుంటుంది.

ఏప్రిల్ 5

"నా సవతి ఎలా ఉంది?"

"బాగుంది."

"దానికి నొప్పి ఉండదు కదా?"

"ఉండదు."

"పెట్టి పుట్టింది." కాసేపటికి కళ్ళు మూసుకొనే అంది. "ఆ రోజు భలే పరుగెత్తావే. నా డబ్బా లాక్కొని లోపలికి పోయావు, పది నిమిషాల్లో బయటికొచ్చావు. అంత త్వరగా అయిపోయిందా అన్నాను."

నాకు గుర్తుంది. నేనేమన్నానో కూడా గుర్తుంది. అక్కకు గుర్తుందో లేదో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఏప్రిల్ 7

అక్కకు చెప్పేశాను. గ్లిజరాల్ సంగతి, గడి సంగతి, పెన్ను సంగతి, డాక్టరమ్మను ఆగమన్న సంగతి. మంచం పక్కన నేలమీద కూర్చొని మొదటినుంచి చివరిదాకా చెప్పాను. తేలికపడ్డాను.

ఏప్రిల్ 8

అక్క నిద్రపోతోంది నిన్న నేను చెప్పినప్పుడు. మందు ఇచ్చి అరగంట అయింది. నిద్రపోతోందని చూసే మొదలుపెట్టాను.

ఏప్రిల్ 9

ఈసారి మెలకువగా ఉన్నప్పుడు. రేపు.

ఏప్రిల్ 10

బావ చెల్లెలు వచ్చి ఉంది. గదిలో మనుషులు. కుదరలేదు.

ఏప్రిల్ 11

ఉదయం ఆరున్నర.

ఏప్రిల్ 19

స్కూలు వాళ్ళు వచ్చారు. హాలు నిండిపోయి కొందరు మెట్లమీద కూర్చున్నారు. అందరూ కూర్చున్నాక బావ మొదలుపెట్టాడు. "మా ఆవిడ ఎప్పుడూ ఒక కథ చెప్పేది. మా మరదలు ఇంటర్వ్యూకి ల్యాబ్ చెప్పులతో వెళ్ళింది..." రెండూ ఎడమవే అన్న చోటికి వచ్చేసరికి అందరూ నవ్వారు. ఏడుస్తూ నవ్వారు. హెడ్‌మిస్ట్రెస్ నా భుజం తట్టింది. "మీ గురించి ఎంత గొప్పగా చెప్పేదో. మా చెల్లెలు నన్ను ఫ్రీజర్‌లో దాచుకుంది, నాకేం భయం అనేది."

నేనూ నవ్వాను. ఎవరికీ అనుమానం రానంత బాగా నవ్వాను.

గుమ్మం దగ్గర బావ, "నువ్వు చేయగలిగినంతా చేశావమ్మా," అన్నాడు. బాత్రూమ్‌కు తలుపు ఇంకా పెట్టలేదు.

ఏప్రిల్ 24

రెండు వారాల తర్వాత ల్యాబ్‌కు వెళ్ళాను. సీసాలు ఆరిపోయి ఉంటాయనుకున్నాను. పంపు తిరుగుతోంది. పెద్దాయన ఆపలేదు.

"మీరు చెప్పకుండా ఎలా ఆపుతానండీ. అక్కగారిది కదా," అన్నాడు.

అక్కది కాదు. ఆ మూడు రకాలూ ఎవరి కడుపులోనైనా ఉంటాయి, నాలో ఉంటాయి, ఆయనలో ఉంటాయి. అక్కకు మాత్రమే సొంతమైనవి మూడేళ్ళ కిందట ఒక ఉదయం పదిన్నరకు మంచులో చచ్చిపోయాయి. అప్పటికి అక్క కారిడార్ బెంచీ మీద కాళ్ళు ఊపుతూ కూర్చొని ఉంది, యాభైకి దగ్గరపడిన మనిషి. అంత త్వరగా అయిపోయిందా అని అడిగింది. చెప్పులు గుర్తించింది కూడా అప్పుడే, కానీ నేను మలుపు తిరిగేదాకా ఆగి అప్పుడు పగలబడి నవ్వింది. నేను నడుస్తూనే అన్నాను, "ఏదో ఒకటి పెట్టేశాను. సరిగా రాకపోతే మళ్ళీ అడుగుతాను, నువ్వెక్కడికి పోతావు?"

అన్నీ కలిపి పది నిమిషాలు. ఆ ప్రమోషన్ వచ్చింది.

పెద్దాయనకు క్షమాపణ చెప్పబోయాను. ఆయన వినకుండా గొట్టం బిగిస్తున్నట్టు వంగాడు.

"నోటుబుక్కు తెస్తారా," అన్నాను. ఏ నోటుబుక్కో అడగలేదు. తెచ్చి ఆ పేజీనే తెరిచి బల్లమీద పెట్టాడు.

'15 శాతం' మీద ఒక్క గీత గీశాను. గట్టిగా కొట్టేయాలనిపించింది, కాగితం చిరిగేలా. ఒక్క గీతే. కింద ఏముందో కనబడాలి. పక్కన రాశాను: కలపలేదు. సంతకం పెట్టాను. సాక్షి సంతకం పెద్దాయన పెట్టాడు, కళ్ళజోడు తుడుచుకొని, తన పేరు మొత్తం రాసి. ఒక కాపీ కమిటీకి, ఒకటి డాక్టరమ్మకు. బావకు నేనే తీసుకెళ్ళి ఇవ్వాలి. రేపు అని రాయబోయి ఆగాను. రేపు అన్న మాట ఈ డైరీలో ఇదివరకే ఉంది.

తేదీ వేయడానికి పెన్ను ఎత్తాను. చెయ్యి దానంతట అదే మూడేళ్ళ కిందటి తేదీ మొదలుపెట్టబోయింది.

నియమం నాదే. దిద్దిన రోజు తేదీ వేయాలి.

ఇవాళ్టిదే వేశాను.